పచ్చదనం వెనక ఎవరున్నారు?

‘ఫిదా’లో భానుమతి ట్రాక్టరు నడుపుతుంటే చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. 2017లో శేఖర్ కమ్ముల తీసిన ఈ సినిమాలో విజయ్ సి. కుమార్ కెమెరా బాన్సువాడను కళ్ళు తిప్పుకోనివ్వనంత అందంగా చూపించింది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా బాన్సువాడ మా నిజామాబాదు జిల్లాలోదే. అన్నేళ్ళు హాస్యానికీ దుర్మార్గానికీ కేటాయించిన మన యాస కథానాయిక నోట పలకడం, అదీ తమిళమ్మాయి సాయిపల్లవి తన సొంత గొంతుతో పలకడం, చిన్న విషయం కాదు. పెళ్ళయితే ఆడపిల్లే ఊరు విడవాలా అని భానుమతి నిలదీస్తుంది. చివరికి అబ్బాయే అమెరికా వదిలి వస్తాడు. డ్రైవరు సీట్లో ఆమె కూర్చున్న దృశ్యానికి అర్థం అదే. తన బతుకు ఎటు పోవాలో తనే తిప్పుకుంటుంది.

అయితే రెండోసారి చూసినప్పుడు నా కళ్ళు ఆమెను దాటి పొలం మీదికి పోయాయి. ఆ పచ్చదనానికి ఒక చరిత్ర ఉంది. 1931 నాటికి మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్ళతో ఈ నేలలో వరీ చెరుకూ పండాయి. ట్రాక్టరు వచ్చి మగవాళ్ళ నాగలిని మార్చింది. ఆడవాళ్ళ నడుము మాత్రం నాట్లలో ఇంకా వంగే ఉంది. మోకాలు లోతు బురదలో నాటేసే కైకిలి ఆడవాళ్ళు ఈ కథలో పాత్రలు కారు. పొలం మీద భానుమతికి ప్రేమ ఉంది. కానీ ఆ పొలం పట్టా ఎవరి పేరున ఉంది, రేపు ఇద్దరు కూతుళ్ళకూ రాస్తారా అనే ప్రశ్న కథకు రాలేదు. తండ్రిగా నటించిన సాయిచంద్, 1980లో విడుదలైన ‘మా భూమి’లో దొర మీద తిరగబడిన రామయ్య. అదే ముఖం ఇక్కడ భూమి ఉన్న తండ్రిది. మధ్యలో భూమి ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అనేది ఆ రెండు ఫ్రేముల నడుమ మనమే చదువుకోవాలి.

ఇక్కడ నాకు బి. నర్సింగరావు ‘దాసి’ (1988) గుర్తొస్తుంది. 1920ల నాటి గడీ, దొరసానితో పాటు అరణంగా వచ్చిన కమలాక్షి. ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళకు వైకుంఠం, నటనకు అర్చన జాతీయ పురస్కారాలు అందుకున్నారు. అవి కూడా అందమైన ఫ్రేములే. బాధను బొమ్మగా మార్చే ప్రమాదం అక్కడా ఉంది. అయినా ఒక తేడా ఉంది. ‘దాసి’లో కెమెరా తొందరపడదు. మాటల్లేని ఆ నిడివిలో, మసక చీకటి గదుల్లో, కమలాక్షి చాకిరీ ఎంత పొడుగో మన ఒంటికి తెలుస్తుంది. ‘ఫిదా’ పాటల్లో ఊరు క్షణాల్లో మెరిసి మారిపోతుంది. ఫ్రేములో ఎవరున్నారని అడగడం మనకు అలవాటే. ఎంతసేపు ఉన్నారని కూడా అడగాలి.

బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ పోతే కార్మికుల కథ పేపర్లకెక్కింది. ఆ ఇళ్ళను ఈదిన ఆడవాళ్ళ కథ ఎక్కడుంది? ఈ జిల్లాలో ఏ వాడకు పోయినా గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని, కత్తెరతో తునికాకు కోసి, బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. కూలి వెయ్యి బీడీలకు లెక్క. ఆ వెయ్యీ అయ్యేదాకా ఆమె ఎదుట ఓపిగ్గా ఆగే కెమెరా కోసం చూస్తున్నాను.

భానుమతికి కొట్టిన చప్పట్లను నేను వెనక్కి తీసుకోను. ఆ ట్రాక్టరు వెనక నాటేస్తున్న మనిషి కూడా తల ఎత్తి తెర మీద మాట్లాడిన రోజు ఇంకా గట్టిగా కొడతాను.