థార్న్‌ఫీల్డ్ మేడ, తెలంగాణ గడీ

క్రిందటి నెల ఒక శుక్రవారం సాయంత్రం, అల్ ఖువైర్‌లో మనవాళ్ళ ఫ్లాటొకదానిలో పదిమందిమి పుస్తకాల ముచ్చటకు చేరాము. ఆ యింటి అమ్మాయి బడిలో ‘జేన్ ఐర్’ చదువుతున్నది. కాఫీలు అందిస్తూ, “అంకుల్, మన తాతగార్ల ఇళ్ళల్లో కూడా ఇలా తాళం వేసిన గది ఉండేదా?” అని అడిగింది. “మనవి పెంకుటిళ్ళమ్మా, మూడో అంతస్తులెక్కడివి?” అని అందరం నవ్వేశాము. ఇంటికి వచ్చాక ఆ నవ్వు మాకే నచ్చలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

షార్లట్ బ్రాంటీ 1847లో ప్రకటించిన ఈ నవల మనలో చాలామందికి కాలేజీనాటి పరిచయమే. పిల్లకు చదువు చెప్పేందుకు జీతానికి కుదిరిన జేన్, థార్న్‌ఫీల్డ్ మేడ యజమాని రోచెస్టర్‌ను ప్రేమిస్తుంది. మూడో అంతస్తులో వినిపించే వింత నవ్వు ఒక పనిమనిషిదని ఆమెను నమ్మిస్తారు. తీరా పెళ్ళినాడు చర్చిలో నిజం బయటపడుతుంది. ఆయనకు భార్య ఉన్నది. మతి చలించి ఆ మీది గదిలోనే బందీగా ఉన్నది.

ఆ రహస్యం ఆయనతో మొదలైనది కాదు. ఆస్తి ముక్కలు కారాదని రోచెస్టర్ తండ్రి అంతా పెద్దకొడుకు పేర పెట్టి, చిన్నవాడికి జమైకా ద్వీపంలో ధనవంతుల సంబంధం చూశాడు. కట్నం ముప్ఫైవేల పౌన్లు. పెళ్ళికూతురు బెర్తా తల్లికి మతిలేదన్న సంగతి ఆడపెళ్ళివారు దాచారు. మగపెళ్ళివారిలో తండ్రికీ అన్నకూ తెలిసినా, డబ్బు చూసి నోరు మెదపలేదు. సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు ఏ మాట చెప్పాలో, ఏ మాట మింగాలో ఎరిగిన మనకు ఇదేమంత పరాయి కథ?

ఇక మన వైపు చూద్దాము. ఇంగ్లీషు జమీందారీ మేడకు సాటి రాగలది తెలంగాణలో దొరల గడీ. దానిని లోపలినుంచి చూపిన నవల దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ (1969). నిజాం పాలననాటి కథ. ఆంధ్ర ప్రాంతంనుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన పాణి అనే సంగీతజ్ఞుడికి గడీలో ఆశ్రయం దొరుకుతుంది. అక్కడ దొర కూతురు మంజరి ఉన్నది, ఆడబాప వనజ ఉన్నది. ఆడబాప అంటే తెలియని పిల్లలకు చెప్పాలి: పెళ్ళికూతురితోపాటు అరణంగా పంపిన దాసీ పిల్ల. ఆమెకు పెళ్ళి లేదు. దొరవల్ల బిడ్డలు పుడితే వారికి తండ్రి పేరు లేదు. అమ్మ దాసి అయితే కూతురూ దాసియే. ఇలా తరం వెంట తరం.

మేము చెప్పదలచిన తేడా ఇక్కడే ఉన్నది. థార్న్‌ఫీల్డ్‌లో రహస్యానికి తలుపున్నది, తాళమున్నది. అది తెరుచుకున్ననాడు కథ మలుపు తిరుగుతుంది, చివరకు ఆ మేడే తగలబడిపోతుంది. గడీలో తాళమే లేదు. ఆ మనిషి నట్టింట్లోనే తిరుగుతూ చెంబుతో నీళ్ళందిస్తుంది. ఆమె ఎవరి బిడ్డో, ఆమె బిడ్డ ఎవరి పోలికో ఊరంతటికీ తెలుసు, ఎవ్వరూ అనరు. అందరికీ తెలిసినదాన్ని బయటపెట్టేదెలా? మన రహస్యాలు చాలామట్టుకు తెలియనివి కావు, అననివి.

రంగాచార్య గారి పుస్తకంలో లోపాలు లేకపోలేదు. పాత్రలు మంచివారూ చెడ్డవారూగా త్వరగా విడిపోతారు. పాఠకుడికి అప్పటికే అర్థమైనదాన్ని రచయిత మళ్ళీ విప్పి చెబుతారు. అయినా తెలంగాణ మాటను సంభాషణల్లో నిలబెట్టి, అనకూడనిదాన్ని ఆ మాటలోనే అనిపించారు. మరో సంగతి: జేన్ అయినా పాణి అయినా ఆ కప్పుక్రింద బ్రతుకుతెరువుకోసం చేరిన పరాయివారే. వారి కంటికి ఇంటివారు చూడనిది కనిపిస్తుంది, కాని తింటున్నది ఆ ఇంటి ఉప్పు. జీతానికి దేశంకాని దేశం వచ్చిన మనకు ఆ ఇరకాటం వేరే వివరించనక్కరలేదు.

గడీ, మేడ లేనివారి సంగతో? బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో డాక్టరు దయానిధికి సంక్రమించిన ఆస్తి, తల్లి నడవడిని గురించి లోకం గుసగుసలాడిన మాట. సొంత ఊరు వదిలి రాయలసీమకు పోయి వైద్యం చేసినా అది ఆయన మనసును వదలదు. దూరదేశంలో ఉద్యోగం దొరికితే పాతవన్నీ అక్కడే ఉండిపోతాయని అనుకునే మనం ఆ నవలను మరొకసారి చదవడం మంచిది.

బెర్తా కథను మనం విన్నది రోచెస్టర్ నోట. ఆమె వైపునుంచి చెప్పడానికి వందేళ్ళు పైబడింది. కరీబియన్ దీవుల్లోనే పుట్టిన జీన్ రైస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ వ్రాసి, బెర్తాకు వేరే పేరు, బాల్యం, తల్లి, భయం అన్నీ ఇచ్చింది. అంతవరకు పైగదిలో నవ్వు మాత్రమే అయిన మనిషికి అప్పుడు మాట వచ్చింది.

మా యింట ఒక పాత ఫోటో ఉన్నది. తాతగారు, నాయనమ్మ కుర్చీల్లో, పిల్లలు క్రింద. అంచున, సగం స్తంభం చాటున, ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని నిలబడ్డది. ఆమె నాయనమ్మతోపాటే పెళ్ళినాడు ఆ యింటికి వచ్చిందని మాకు తెలుసు. ఆమె కొడుక్కి మా నాన్నగారి ముక్కు ఉండేదనీ తెలుసు. మస్కట్‌లో పుట్టిన మా పిల్లలకు ఆ ఫోటో ఎన్నోసార్లు చూపించాము. మామిడిచెట్టు గురించి, పెరటి బావి గురించి, తాతగారి గుర్రపుబండి గురించి చెప్పాము. ఆమె ఎవరని పిల్లలు అడిగినప్పుడు “పనిమనిషి” అన్నాము.

కనుక, అమ్మాయీ, మా జవాబు ఇది. తాళం వేసిన గది మా యింట్లో లేదు. ఆమె స్తంభం పక్కనే ఉండేది. ఆమె పేరు మాకు తెలుసు. వచ్చే శుక్రవారం ఫోటో తెస్తాము. ముందు మా పిల్లలకు చెప్పి, తరువాత నీకు చెబుతాము.