ఆ ఒక్క పొర జాగ్రత్త

వానలు ముదిరాక అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లోని పాత ఇళ్లలో బీరువా తలుపు తీస్తే గుప్పున కొట్టేది బూజు వాసనే. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా ఈ బస్తీల పక్కనుంచే పోతుంది. 2000 ఆగస్టు, 2020 అక్టోబరు వరదల గురించి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరద రాని ఏడాది కూడా కింది అంతస్తు గోడలకు చెమ్మ తప్పదు. ఆ చెమ్మకు ముందుగా లొంగేది గోడకు ఆనించిన పాత వెనీర్ సామాను. వాల్వు రేడియో పెట్టె, డ్రెస్సింగ్ టేబుల్, తాతగారి రాత బల్ల.

ఇలాంటివి బాగుచేయడం నాకు ప్రాణం. ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చేస్తూ, మరకలు పడ్డాయని వీటిని పాత సామాన్ల బండికి ఎత్తించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే వీటిని చేసిన పనివాళ్లు రిపేరుకు దారి ఉంచే చేశారు. పైన లక్క పాలిష్ స్పిరిట్‌కు కరుగుతుంది, మళ్లీ వేసుకోవచ్చు. అడుగున తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన సరేసు వేడికీ తడికీ మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న అసలు చెక్క పొర, అదే వెనీర్, మాత్రం చాలా వాటిలో మిల్లీమీటరు కూడా ఉండదు. అది అరిగిందంటే ఇక తిరిగి రాదు. అందుకే మరక కనబడగానే సాండ్‌పేపర్ అందుకోకూడదు.

ముందు బూజు సంగతి. సామానును వరండాలోకి తెచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఇంట్లో ఫ్యాను కింద దులిపితే ఆ పొడి గదంతా పరుచుకుంటుంది. ఎండలో పెట్టకూడదు, వెనీర్ పగులుతుంది. గాలాడే నీడ చాలు. పాలిష్ ఉన్న చోట గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయాలి. బూజుకు స్పిరిట్ వాడేది వెనక పలకకూ సొరుగుల అడుక్కూ మాత్రమే, అదీ పాలిష్ లేని చోటే.

ఇక మరకలు. టార్చిలైటు ఏటవాలుగా పట్టుకుని చూడండి. వేడి కాఫీ గ్లాసు పెట్టిన తెల్లటి చక్రం సాధారణంగా లక్కలోనే ఉంటుంది. స్పిరిట్ అంటీ అంటనట్టు తడిపిన మల్మల్ గుడ్డను ఎక్కడా ఆపకుండా పైపైన ఒక్క ఊపున లాగితే, లక్క కాస్త మెత్తబడి లోపలి తడిని వదిలేస్తుంది. తెలుపు మన కళ్ల ముందే పలచబడుతుంది. గుడ్డ ఒక్క క్షణం ఆగినా అక్కడ పాలిష్ లేచిపోతుంది.

నల్ల మరకది వేరే కథ. తడి పాలిష్‌ను దాటి చెక్కలోకి దిగి, మేకు నుంచో డబ్బా అడుగు నుంచో ఇనుమును మోసుకెళ్లిందన్నమాట. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచేవారు కదా, ఇక్కడ జరిగిందీ అదే. చెక్కలోని టానిన్, ఇనుము కలిసి సిరా అయ్యాయి. దీనికి మందు ఆక్సాలిక్ యాసిడ్. అది విషం. చేతులకు గ్లవ్స్ వేసుకుని, ప్లాస్టిక్ గిన్నెలో పలచగా కలిపి, పాలిష్ తీసేసిన పలకంతా ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా రాయాలి. మరక మీదే రాస్తే అక్కడ తెల్లటి మచ్చ తేలుతుంది. నలుపు విరిగాక తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు లక్క వేయాలి. ఆరిన తర్వాత రుద్దితే లేచే పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇంత చేసినా నీడలా కాస్త మిగిలిపోవచ్చు. అక్కడితో చెయ్యి తీసేయాలన్నదే నా మాట. మరక ఉన్న బల్లను రేపు మనకన్నా నేర్పరి ఎవరైనా బాగుచేస్తారు. పొర అరిగిపోయిన బల్లను ఎంతటి మేస్త్రీ బాగుచేయలేడు. కాబట్టి పాత సామాన్ల బండిని పిలిచే ముందు, ఆ బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపి, నాలుగు రోజులు గాలి తగలనిచ్చి, అప్పుడు నిర్ణయించుకోండి.