గాలిలోని కణములు, కంప్యూటరు లెక్కలు – ఒక గ్రంథ విమర్శ

వాతావరణ రసాయనమును గూర్చి ఇంగ్లీషులో వెలువడిన పాఠ్యగ్రంథములలో జాన్ సైన్‌ఫెల్డ్, స్పైరోస్ పాండిస్ అను ఇరువురు రచించిన ‘అట్మాస్ఫెరిక్ కెమిస్ట్రీ అండ్ ఫిజిక్స్’ మిక్కిలి పేరుగలది. 1998లో ప్రథమ ముద్రణము, 2006లో ద్వితీయము, 2016లో తృతీయము వెలువడినవి. వేయి పుటలకు మించిన గ్రంథము. సైన్‌ఫెల్డ్ కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడు. పాండిస్ ఆయన శిష్యుడే. మన విశ్వవిద్యాలయములలో వాతావరణ శాస్త్రమును గాని, పర్యావరణ శాస్త్రమును గాని చదువు విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు ఈ గ్రంథమును తెరువక తప్పదు.

గాలి కాలుష్యమును కంప్యూటరుతో ముందుగా లెక్కకట్టు పని నేడు పరిశోధనాలయములను దాటి ప్రభుత్వ కార్యాలయములలోనికి వచ్చినది. 2018 అక్టోబరులో ఢిల్లీ నగరమునకు గాలి నాణ్యతను ముందుగా హెచ్చరించు ఏర్పాటును పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు ప్రారంభించిరి. కాలుష్యపు తీవ్రతనుబట్టి ఏయే చర్యలు తీసికొనవలెనో చెప్పు పథకము 2017లోనే వచ్చినది. 2022లో దానిని సవరించి, కాలుష్యము వచ్చిన పిమ్మట గాక, రాబోవునని లెక్క చెప్పినప్పుడే చర్య ఆరంభింపవలెనని నిర్ణయించిరి. అనగా ఇంకను జరుగని దానిని గూర్చి యంత్రము చెప్పిన అంకె, కట్టడపు పనిలో ఇటుకలు మోయు కూలి నాటి కూలిని పోగొట్టవచ్చును. ఒక బడిని మూయించవచ్చును. అట్టి అంకె ఎట్లు పుట్టుచున్నదో తెలిసికొనగోరు విద్యార్థికి మొదట చేతికి ఇయ్యదగినది ఈ గ్రంథమే. అది ఆ పనిని ఎంతవరకు నెరవేర్చుచున్నది, ఎచ్చట విడిచిపెట్టుచున్నది అనునదే ఇచ్చట విచారింపదలచినది.

ఈ గ్రంథమునకు గల మొదటి గుణము కణమును కణముగా చూచుట. గాలిలో తేలియాడు ఘన, ద్రవ కణములన్నింటికి కలిపి ఏరోసాలు అని పేరు. వీని వ్యాసము మైక్రానులో కొన్ని వేయవ వంతులు మొదలు నూరు మైక్రానుల వరకు ఉండును. వార్తాపత్రికలలో కనబడు ‘పి.ఎం. 2.5’ అనగా ఘనమీటరు గాలిలో 2.5 మైక్రానులకు లోబడిన కణములన్నిటి బరువు. తలవెంట్రుక మందము 50 మొదలు 70 మైక్రానులని చెప్పిన ఆ సూక్ష్మత కొంత తెలియును. అయితే ఈ బరువు అను కొలతలోనే ఒక మోసము కలదు. సాంద్రత సమానమైనచో 2.5 మైక్రానుల కణ మొక్కటి, 0.1 మైక్రాను కణములు 15,625 కలిసినంత బరువు తూగును. కనుక బరువు ఎంతయో తెలిసినను కణములు ఎన్నియో తెలియదు. 8వ అధ్యాయమున గ్రంథకర్తలు ఒకే గాలిని సంఖ్యనుబట్టి, ఉపరితలమునుబట్టి, ఘనపరిమాణమునుబట్టి మూడు వక్రరేఖలుగా గీసి చూపుదురు. మొదటిసారి చూచిన విద్యార్థికి అవి మూడు వేర్వేరు ఊళ్ల గాలులని తోచును. ఈ అధ్యాయమును బాగుగా చదివినవాడు ‘గాలిలో ధూళి ఇంత’ అను ఒంటి అంకెను మరల నిశ్చింతగా నమ్మజాలడు.

కణములు ఊరకుండునవి కావు. ఢీకొని అంటుకొనును, ఆవిరిని పీల్చి పెరుగును, ఆవిరియై తరుగును, నేలపై దిగును, వానతో కొట్టుకొనిపోవును. వీనిలో ఢీకొనుటను గూర్చిన సమీకరణము స్మొలుకోవ్‌స్కీ ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున చెప్పినది. ఆ సమీకరణమును ఉత్పాదించుటతో తృప్తిపడక, ఈ గ్రంథము కాలమును లెక్కకట్టి చూపును. 0.2 మైక్రాను వ్యాసముగల కణములు ఘన సెంటీమీటరునకు పదిలక్షలున్నచో వాని సంఖ్య సగమగుటకు అరగంట కొంచెము దాటును. పదివేలే ఉన్నచో రెండు దినములకు పైగా పట్టును. ఈ రెండంకెలు తెలిసినచో పొగగొట్టము మూతివద్ద లెక్కలోనికి తీసికొనక తప్పని క్రియను ఊరి వెలుపలి పొలముపై ఏల విడువవచ్చునో బోధపడును. పాఠ్యగ్రంథము చేయవలసిన పని ఇదియే.

ఇక కంప్యూటరు సంగతి. లెక్కకట్టువాడు నగరమును, దాని చుట్టుపట్లను చదరపు గళ్లుగా కోసి, ఎత్తునుకూడ పొరలుగా విభజించును. నిడివిని 100, వెడల్పున 100, ఎత్తున 30 గళ్లు అనుకొందము. మూడు లక్షల పెట్టెలు అగును. ప్రతి పెట్టెలోను కణములను పరిమాణమునుబట్టి, ధాన్యమును జల్లెడల వరుసలో పోసినట్లు, 8 తరగతులుగా వేరుచేసి, ఒక్కొక్క తరగతిలో 20 పదార్థములను లెక్కించిన, 4 కోట్ల 80 లక్షల అంకెలు. వీనినన్నింటిని కొన్ని నిమిషముల కొకసారి తిరిగి లెక్కకట్టవలెను. ఈ తరగతుల పద్ధతిని 1980లో గెల్‌బార్డ్‌తో కలిసి రూపొందించినవాడు మన గ్రంథకర్తలలో ఒకడైన సైన్‌ఫెల్డే. ఇంత శ్రమకు ఓర్వలేనివారు కణములను రెండు మూడు గుట్టలుగా ఊహించి, గుట్ట ఎత్తును, వెడల్పును మాత్రము లెక్కింతురు. మరికొందరు పరిమాణమును పూర్తిగా విడిచి బరువును మాత్రమే ఎంచుదురు. ఢిల్లీ ఏర్పాటునకు ఆధారమైన ‘వర్ఫ్-కెమ్’ అను కంప్యూటరు పద్ధతిలో ఈ మూడు మార్గములును కలవు. ఏది ఎన్నుకొనవలెనో నడపువాని ఇష్టము. ఏ మార్గమును ఎన్నుకొనిరో చెప్పక అంకెను మాత్రము ప్రకటించుట, ఏ త్రాసున తూచితిమో చెప్పక బరువు చెప్పుటవంటిది. ఈ మూడింటి మంచిచెడ్డలను విడదీసి చూచుటకు కావలసిన ఉపకరణము లన్నియు 13వ అధ్యాయమున దొరకును.

గుణములలో ఇంకొకటి చెప్పక విడువరాదు. అది 10వ అధ్యాయము. అమ్మోనియా వాయువును, నత్రికామ్లపు ఆవిరియు కలిసి అమ్మోనియం నైట్రేటు కణములగును. వేడిమి హెచ్చినచో ఆ కణములు తిరిగి వాయువులుగా విడిపోవును. పొడిగాలిలో ఈ సమతాస్థితిని తెలుపు స్థిరాంకమునకు గ్రంథమున ఒక సూత్రమిచ్చిరి. ఆ సూత్రములో 25 డిగ్రీలకు మారుగా 10 డిగ్రీలు వేసి చూడుడు. స్థిరాంకము సుమారు యాబదవ వంతునకు దిగిపోవును. అనగా మధ్యాహ్నమున వాయువుగా కంటికి కనబడక యుండినదే, చలికాలపు తెల్లవారుజామున కణమై కూర్చుండును. రాత్రికి రాత్రి ఎవరును పొగ వదలకున్నను ధూళి పెరుగవచ్చును! గాలిని కలుషితము చేయువాడు ఎప్పుడును ఎచ్చటనో కనబడు పొగగొట్టము క్రిందనే ఉండునని తలచువారికి ఇది కనువిప్పు. అమ్మోనియాలో మిక్కిలి భాగము పశువుల పేడనుండి, పొలములలో చల్లు ఎరువులనుండి పుట్టును. దానిని పొగ అని ఎవరందురు?

ఇంతటి గ్రంథమునకు లోపములు లేవా అనినచో, కలవు. చిన్నవి కావు.

మొదటిది దీని గాలి. ఇది పుట్టిన ఊరు లాస్ ఏంజెలెస్ ప్రక్కనున్న పాసడీనా. ఆ నగరపు మసకకు కారణము సూర్యకాంతిలో హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు జరుపు రసాయనమని 1950ల ఆరంభమున హాగెన్-స్మిట్ నిరూపించినది ఆ సంస్థలోనే. అప్పటినుండి ఈ శాస్త్రమునకు ఆ నగరమే ప్రయోగశాల అయినది. అందుచేత గ్రంథములోని ఉదాహరణములలో కాలిఫోర్నియా గాలి వీచుచుండును. సమీకరణములకు స్వదేశము లేదన్నది నిజమే. కాని ఏ సమీకరణమును ముందుగా పట్టుకొనవలెనో చెప్పునది మాత్రము స్వదేశపు గాలియే. 2021లో ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలో మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన సచిన్ గుంఠే, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనను చూడుడు. ఢిల్లీ శీతకాలపు కణములలో క్లోరైడు విశేషముగా ఉన్నదనియు, ప్లాస్టిక్కుతో కూడిన చెత్తను కాల్చుటవలనను, కొన్ని పరిశ్రమలవలనను వెలువడు ఉదహరికామ్లపు ఆవిరి అమ్మోనియాతో కలిసి కణములలో చేరి నీటిని పీల్చుకొనుననియు, పొగమంచులో చూపు ఆనకపోవుటకు ఈ క్లోరైడు ముఖ్యకారణమనియు వారు తేల్చిరి. సముద్రమునకు వేయి కిలోమీటర్ల దూరములో ఇంత క్లోరైడు ఉండునని కాలిఫోర్నియా గాలిని మాత్రమే చదివినవాడు ఊహింపడు. ఊహింపనిదానిని కంప్యూటరులో వేయడు. వేయనిది జవాబులో రాదు.

గ్రంథకర్తలను సమర్థించుచు ఒకమాట చెప్పవచ్చును: అమ్మోనియం క్లోరైడు సమతాస్థితికూడ వారి 10వ అధ్యాయమున కలదు గదా అని. కలదు. కాని పుస్తకములో ఒక మూల ఉండుటకును, విద్యార్థి మనస్సులో ముందు నిలుచుటకును చాల దూరము.

రెండవ లోపము నాకు మరింత ముఖ్యముగా తోచుచున్నది. కణమును గూర్చి వందల పుటలు వ్రాసినవారు, లెక్క సరియైనదా కాదా అని పరీక్షించుటను గూర్చి గ్రంథాంతమున, 25వ అధ్యాయమున, కొద్ది పుటలతో సరిపెట్టిరి. ఏవో కొన్ని సగటులు, భేదములు లెక్కించు సూత్రములు అచ్చట దొరకును. అవి కావలసినవే. కాని చాలవు. ఎందుచేతనో ఒక ఊహా ఉదాహరణముతో చెప్పెదను. ఒక ఉదయమున పరికరము ఘనమీటరునకు 200 మైక్రోగ్రాములు చూపినదనుకొందము. (2009లో మనదేశమున నిర్ణయించిన 24 గంటల పరిమితి 60.) అందులో రోడ్డు ధూళి, మసి వంటివి తిన్నగా గాలిలోనికి వచ్చినవి 120; వాయువులనుండి గాలిలోనే పుట్టిన నైట్రేటు, క్లోరైడు మొదలగునవి 80. కంప్యూటరు లెక్కలో ధూళి హెచ్చుగా వేసి 170 అనిరి. క్లోరైడును మరచి రెండవదానిని 30 అనిరి. మొత్తము 200! సగటున తేడా సున్న. పరీక్షలో నూటికి నూరు మార్కులు. కాని ఈ లెక్కను చేతబట్టుకొని రోడ్లు ఊడ్చుటకు ధనమంతయు వెచ్చించిన ప్రభుత్వము, చెత్త తగులబెట్టువానిని, అమ్మోనియాను విడిచివేయును. రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టివేసికొనిన ఇట్టి ఒప్పు, విడి తప్పుకంటె హానికరము.

ఇట్టిదే మరియొకటి. రాత్రివేళ నేలను అంటియున్న గాలిపొర మందము నిజముగా 100 మీటర్లై, లెక్కలో 200 అని వచ్చినచో, అదే పొగ రెండింతల చోటులో పలుచనై సగము అంకెను చూపును. అంకె చాలలేదని తలచి పొగల జాబితాను రెట్టింపు చేసినవాడు మరునాడు సరియైన జవాబునే చూపగలడు. పొగ ఎంత, ఎవరిది అను జాబితా లెక్కలన్నిటిలోను బలహీనమైన అంగము. మన పల్లెలలో కట్టెల పొయ్యిలెన్ని, వీథి చివర తగులబడు చెత్త ఎంత, డీజిలు జనరేటర్లు దినమునకు ఎన్ని గంటలు తిరుగును అను సంగతులు ఏ రిజిస్టరులోను సరిగా ఎక్కవు. ఈ జాబితాలోని అనిశ్చితము జవాబులోనికి ఎంతవరకు పాకునో చూపునట్టి ఒక సంపూర్ణ ఉదాహరణము ఇంత పెద్ద గ్రంథమున మొదటినుండి చివరివరకు సాగుచు ఉండవలసినది.

దీనికి మందు గ్రంథములోనే, మరుసటి అధ్యాయములోనే ఉన్నది. 26వ అధ్యాయము ఎదురుదారిని చెప్పును: పొగనుండి కణమునకు గాక, పట్టిన కణపు రసాయన స్వభావమునుబట్టి అది ఏ పొగనుండి వచ్చినదో వెనుకకు నడచుట. పొటాసియము, లెవోగ్లూకోసాను కనబడిన కట్టెగాని, గడ్డిగాని కాలినదని గుర్తు. సిలికాను, అల్యూమినియము మట్టికి గుర్తు. ఈ దారికిని తప్పులు కలవు. ముఖ్యముగా గాలిలోనే పుట్టిన కణములకు జన్మస్థానము చెప్పలేకపోవును. కాని రెండు దారుల తప్పులు వేర్వేరు జాతివి. కనుక ఒకదానిని ఒకటి పట్టుకొనగలవు. ఢిల్లీ ప్రాంతమును గూర్చి 2018లో టెరి, ఎ.ఆర్.ఎ.ఐ. సంస్థలు కలిసి వెలువరించిన నివేదికలో ఈ రెండు దారులను నడచి చూచిరి. అది సరియైన పద్ధతి. పాఠ్యగ్రంథమున మాత్రము రెండును ఇరుగుపొరుగు ఇండ్లలో ఉండి మాటాడుకొనని బంధువులవలె నున్నవి.

ఇచ్చట తెలుగు పరిభాషను గూర్చి ఒకమాట. ఇంగ్లీషులో ‘మోడల్’ అనుదానిని మనము ‘నమూనా’ అనుచున్నాము. గాలినుండి వడపోత కాగితముపై పట్టి తెచ్చిన ధూళినికూడ ‘నమూనా’ అనియే అనుచున్నాము. ‘నమూనాలో నైట్రేటు ఇంత’ అని వ్రాసిన విద్యార్థి, కొలిచి చెప్పుచున్నాడా, లెక్కించి చెప్పుచున్నాడా? ప్రశ్నపత్రము దిద్దునప్పుడు ఈ సందేహము నాకు పలుమారులు కలిగినది. ఒకటి గాలిలో చేయిపెట్టి తెచ్చినది. రెండవది గాలిని తాకకయే చెప్పినది. ఈ రెండింటికి ఒకేమాట ఉండుట కూడదు. లెక్కకు ‘గణిత ప్రతిరూపము’ అని వాడుట మేలని నా అభిప్రాయము; ఇంతకంటె మంచిమాట ఎవరైన చూపినచో సంతోషమే.

అధ్యాయముల చివరనున్న అభ్యాసములు ఉత్తమముగా ఉన్నవి. వానిలో పెక్కింటిని కాగితము, పెన్సిలుతోనే చేయవచ్చును. బోధించువారు వరుస తప్పించి, 8, 10, 13 అధ్యాయముల పిమ్మట తిన్నగా 25, 26 అధ్యాయములకు పోయి, ఆ రెండింటిని ఒకేవారములో చెప్పుట మంచిది. ఒక చలికాలపు వారములో తమ ఊరి కొలతలను తీసికొని, 10వ అధ్యాయపు నైట్రేటు సూత్రమును తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నమున ఒకసారి వేయించవలెను. విశాఖపట్టణమువంటి రేవులో సముద్రపు ఉప్పు, ఖనిజపు ధూళి కలియుటచేత జవాబు ఉత్తరదేశపు జవాబువలె ఉండదు. రాబోవు ముద్రణములో గ్రంథకర్తలు గంగామైదానపు శీతకాలమును ఒక పూర్తి అభ్యాసముగా చేర్చినయెడల, ఇప్పుడు మన తరగతులలో అధ్యాపకులు విడిగా వ్రాయించుచున్న పుటలు కొన్ని తగ్గును.