గంట నాటిక, పది నిమిషాల సెట్టు

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా గుంటూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో నాటక పోటీలు నడుస్తూనే ఉంటాయి. శివరాత్రికి ఒక ఊరు, ఉగాదికి ఇంకో ఊరు, శ్రీరామనవమి పందిళ్లకు మరో ఊరు. హైస్కూలు ఆవరణలోనో గుడి ముందరి ఖాళీ స్థలంలోనో స్టేజీ కడతారు. మూడు నాలుగు రాత్రులు, రాత్రికి రెండో మూడో నాటికలు. ఈ పనంతా నెత్తిన వేసుకునేది ఊరి కళాపరిషత్తు. అందులో సభ్యులంటే రైతులు, టీచర్లు, ఎరువుల కొట్టాయన, రిటైరైన బ్యాంకు ఉద్యోగి. చందాలు పోగుచేసేది వాళ్లే, కుర్చీలు వేయించేది వాళ్లే, పై ఊళ్ల నుంచి వచ్చిన నాటక సమాజాలకు బస, భోజనం చూసేదీ వాళ్లే.

ఈ నాటికల గురించి పత్రికల్లో వచ్చేది ఎక్కువగా బహుమతుల జాబితా. ఉత్తమ ప్రదర్శన ఫలానా, ఉత్తమ నటుడు ఫలానా, అంతటితో సరి. ఆ గంటసేపు స్టేజీ మీద ఏ పనితనం జరిగిందో రాసేవాళ్లు తక్కువ. పరిషత్తు నాటికకు తనదైన శిల్పం ఉంది. పరిమితుల్లోంచి పుట్టిన శిల్పం అది. ఆ పరిమితులేమిటో తెలిస్తేగాని దాని విలువ తెలియదు.

మొదటి పరిమితి సమయం. నాటికంటే గంట, అటో ఇటో కొద్ది నిమిషాలు. నియమావళిలో ఆ మాట స్పష్టంగా ఉంటుంది, దాటితే మార్కులు పోతాయి. గంటలో ఒక కుటుంబాన్ని పరిచయం చేసి, దాని కష్టం చూపించి, ఆ కష్టానికి ఒక మలుపు ఇచ్చి తెర దించాలి. అందుకే అనుభవం ఉన్న రచయిత కథను మొదటినుంచి చెప్పడు. తెర లేచేసరికి గొడవ సగం జరిగిపోయి ఉంటుంది. పొలం అమ్మేశారు, రిజిస్ట్రేషను రేపు; లేకపోతే కూతురు ఇల్లు వదిలి వచ్చేసింది, అల్లుడు బయల్దేరాడని కబురొచ్చింది. ముందు జరిగినదంతా తర్వాత మాటల సందుల్లోంచి తెలుస్తుంది. పాత్రలు ఐదారుకు మించవు. సెట్టు ఒకటే.

ఆ సెట్టు సంగతి కాస్త దగ్గరగా చూడాలి. ఒక నాటిక అయిపోయాక ఇంకొక సమాజం వచ్చి సెట్టు వేసుకోవడానికి ఇచ్చేది పది పదిహేను నిమిషాలు. తెర వెనక ఆ కాసేపు అరుపులు ఉండవు. కర్ర ఫ్రేములకు గుడ్డ బిగించి రంగులు వేసిన ఫ్లాట్లు వ్యాను నుంచి వరసలో వస్తాయి. ప్రతి ఫ్లాటు వెనకా చాక్‌పీసుతో రాసిన అంకె ఉంటుంది, ఒకటి పక్కన రెండు, రెండు పక్కన గుమ్మం ఫ్లాటు. బందులకు చీల దూరుస్తారు, వెనక ఆపుకర్ర పెడతారు, దాని కాలి మీద ఇసుక మూట వేస్తారు. అరుగు, కిటికీ, తులసికోట అన్నీ విడదీసి కట్టుకునేలా చేసినవే. లోపల ఒకరు ఇస్త్రీ చేసిన దుప్పటిని కావాలనే నలిపి మంచం మీద వేస్తుంటే, బయట మైకులో కార్యదర్శి దాతల పేర్లు చదువుతుంటాడు. మూడో గంట కొట్టేసరికి అక్కడ ఒక ఇల్లు నిలబడి ఉంటుంది.

ఈమధ్య గుడ్డ ఫ్లాట్ల బదులు ఫ్లెక్సీ మీద గోడను, పెంకులను అచ్చేయించి కడుతున్నారు. ఖర్చు తక్కువ, మోత తేలిక, కాదనను. కాని లైటు పడితే ఫ్లెక్సీ మెరుస్తుంది. మట్టిగోడ మెరిస్తే అది మట్టిగోడ కాదు. రంగు పూసిన గుడ్డ వెలుతురును పీల్చుకుంటుంది, ముందు నిలబడ్డ మనిషి ముఖాన్ని పైకి తెస్తుంది. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతే మేలని నా గట్టి నమ్మకం.

రెండోది మైకు. ఆరుబయట వెయ్యి మంది కూర్చున్నచోట గొంతు ఒక్కటే చాలదు. స్టేజీ అంచున మూడో నాలుగో మైకులుంటాయి, పైనుంచి ఒకటో రెండో వేలాడతాయి. వెనక్కి నడిస్తే మాట పోతుంది. అందుకని దర్శకుడు కదలికలన్నిటినీ మైకుల చుట్టూ అల్లుకుంటాడు. కీలకమైన మాట మైకు దగ్గర పడాలి. మౌనంగా చేసే పని, అంటే నీళ్లు తేవడం, ఫొటో తుడవడం, తలుపు గడియ పెట్టడం వెనక జరగాలి. తండ్రీకొడుకులు పోట్లాడుకుంటుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా, అప్పుడు గొంతు పక్కకు పోతుంది. దానికి నటులు ఒక ఉపాయం పట్టారు. ఛాతీని ప్రేక్షకుల వైపు ఉంచి తల మాత్రం తిప్పుతారు, వాక్యం చివరి మాటకు మళ్లీ ముందుకు వస్తారు. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది గనుక ఆ చివరి మాటే అసలు మాట. అది మింగేశారా, వెనక వరసకు ఏమీ అందదు. బాగా చేసేవాళ్లలో ఈ తిరగడం మనకు కనబడదు, వినబడుతుంది.

చప్పట్ల కోసం ఆగడం కూడా ఒక విద్యే. చప్పట్లు మొదలవగానే తర్వాతి మాట అందుకుంటే మునిగిపోతుంది, పూర్తిగా అణిగేదాకా ఆగితే సన్నివేశం చల్లారిపోతుంది. చప్పట్లు పలచబడుతున్న క్షణంలో అందుకోవాలి. అది రిహార్సల్సులో నేర్పలేరు, ఊళ్లు తిరిగితేనే వస్తుంది.

ఆడపాత్రలు వేసేవాళ్ల గురించి వేరే చెప్పాలి. ఒకప్పుడు స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా స్టేజీ మీదికి వస్తే జనం వేలల్లో కదిలేవాళ్లు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ కాలం దాటి స్త్రీలు నాటికల్లోకి వచ్చాక వాళ్ల సంఖ్య ఎప్పుడూ అవసరానికి తక్కువే. మగనటులకు ఉద్యోగం వేరే ఉంటుంది, నాటకం వాళ్లకు సరదా, తపన. నటీమణుల్లో ఎక్కువమందికి ఇదే జీవనం. ఒకే సీజనులో నాలుగైదు సమాజాలకు చేస్తారు. ఒకే రాత్రి మొదటి నాటికలో తల్లి, మూడో నాటికలో పెళ్లికాని కూతురు. మగవాళ్లు రెండు నెలలు రిహార్సల్స్ వేస్తే ఈమె చివరి వారంలో వచ్చి కొద్ది సిట్టింగుల్లోనే పాత్రను పట్టుకుంటుంది. చీర మార్చి, ముడి విప్పి జడ వేసి, నడకలో ఇరవయ్యేళ్లు దించుకుని మళ్లీ స్టేజీ మీదికి వస్తుంది. ఉత్తమ నటి బహుమతి చేతికిచ్చి శాలువా కప్పితే ఈ పనితనానికి బదులు తీరదు. రాత్రి రెండింటికి ప్రదర్శన అయ్యాక ఆమె ఇల్లు చేరే ఏర్పాటు, పారితోషికం ఆ రాత్రే చేతిలో పెట్టడం పరిషత్తు నియమావళిలో రాసి ఉండాలి.

ఈ పోటీల సంప్రదాయానికి పేరు పెట్టి మొదలుపెట్టిన చోటు తెనాలి. సురభి నాటక కళాకారుడు వనారస గోవిందరావు పూనికతో 1929లో అక్కడ ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. అది తర్వాత పెట్టిన పోటీలు చూసే ఊరూరా పరిషత్తులు లేచాయి. పద్యనాటకం, హార్మోనియం, రాగాలాపన రాజ్యమేలుతున్న రోజుల్లో మామూలు మాటల్లో మామూలు మనుషుల కథ చెప్పే సాంఘిక నాటకానికి ఒక చోటు దొరికింది. ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ గుమాస్తా ఇంట్లో నెలాఖరును స్టేజీ ఎక్కించింది. భమిడిపాటి రాధాకృష్ణ ‘కీర్తిశేషులు’, ఎన్.ఆర్. నంది ‘మరో మొహెంజొదారో’ తెలుగు నాటకం పోకడను మార్చాయి. గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాలా’ మగపిల్లాడి కోసం ఎదురుచూసే సంసారాన్ని నవ్విస్తూనే నిలదీసింది. గుడ్డి బిచ్చగాళ్లలో ఒకడికి చూపు వస్తే ఏమవుతుందో చూపించిన గొల్లపూడి మారుతీరావు ‘కళ్ళు’ 1988లో సినిమా అయింది. సి.ఎస్. రావు ‘ప్రాణం ఖరీదు’ నాటకం 1978లో తెరకెక్కింది. బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఆ నాటకంలో వేషం వేసిన కోట శ్రీనివాసరావు దానితోనే సినిమాల్లోకి వచ్చారు.

సినిమాకు మెట్టు కావడమే నాటిక ప్రయోజనం అంటే నేను ఒప్పుకోను. అచ్చయిన కథను చదువుకున్నవాళ్లు చదువుతారు. నాటికను ఊరంతా చూస్తుంది. కౌలురైతు అప్పు మీద రాసిన నాటికను కౌలురైతులే ముందు వరసలో కూర్చుని చూస్తారు. లెక్క తప్పితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎకరానికి కౌలు ఎంతో, పత్తి బస్తా ఎలా మోస్తారో, వడ్డీ ఏ లెక్కన కడతారో తెలిసిన జనం ముందు అబద్ధపు నటన నిలవదు. న్యాయనిర్ణేతలు ముగ్గురు కాగితం మీద మార్కులు వేస్తారు, వెనక వెయ్యి మంది వేసే మార్కులు వేరే ఉంటాయి. రెండూ కలవని రాత్రులు చాలా ఉంటాయి. అలాంటప్పుడు మర్నాడు టీ కొట్టు దగ్గర జరిగే వాదన ఏ సాహిత్య సభకూ తీసిపోదు.

లోపాలు లేవని కాదు. బహుమతి కోసం రాసే నాటికకు ఒక అచ్చు తయారైంది. ముసలి తండ్రి, పట్టించుకోని కొడుకులు, వృద్ధాశ్రమం, చివర పది నిమిషాలు కన్నీళ్లు, తెర దిగేముందు ఒక ఉపన్యాసం. కన్నీరు పెట్టిస్తే మార్కులు పడతాయన్న నమ్మకం రచయితల చేతులు కట్టేసింది. హాస్యనాటిక తగ్గిపోయింది. నేపథ్యసంగీతం మరీ పెరిగింది. నటుడు గొంతు దించి చెప్పాల్సిన మాట మీద వయొలిన్లు వచ్చి కూర్చుంటున్నాయి. వీటిని చెప్పాల్సింది సమీక్షలో, అంటే ప్రదర్శనలన్నీ అయ్యాక న్యాయనిర్ణేతలు సమాజాలతో కూర్చుని మాట్లాడే చోట. సన్మానాలకు గంట కేటాయించే పరిషత్తులు సమీక్షకు అరగంట ఇవ్వలేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కొత్త రక్తం ఎక్కణ్నుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన మొదలైందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన శిష్యుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. కోర్టుల్లో, వకీళ్ల దగ్గర జరిగే అవినీతి దాని వస్తువు. పంతులుగారి పుట్టినరోజు ఏప్రిల్ 16ను ఇవాళ తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పన్నెండేళ్ల తర్వాత, 1892లో, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించింది. ఆ తర్వాత కాలేజీల మధ్య ఏకాంకిక పోటీలు, హాస్టలు వార్షికోత్సవంలో నాటిక, ఇవి తరాల పాటు నటులను, రచయితలను తయారుచేశాయి. పరిషత్తు సమాజాల్లో అరవై దాటినవాళ్లను అడగండి, చాలామంది మొదటి వేషం కాలేజీలోనే వేసి ఉంటారు.

ఇప్పటి వార్షికోత్సవంలో సినిమా పాటలకు డాన్సులున్నాయి, ఐదు నిమిషాల స్కిట్లున్నాయి. నాటిక లేదు. ఎంట్రన్సు పరీక్షల చదువుల్లో రెండు నెలల రిహార్సల్సుకు చోటెక్కడిదని ప్రిన్సిపాళ్లు అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖలు ఉన్నాయి. అక్కడ శిక్షణ పొందినవాళ్లు బాగా చేస్తున్నారు కూడా. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటికలతో పాటు బాలల విభాగం, కళాశాలల విభాగం పెట్టడం మంచి పని. కాని మామూలు డిగ్రీ కాలేజీలో బి.కాం చదివే కుర్రాడికి, ఇంజినీరింగు చదివే అమ్మాయికి నాటకం తగిలే దారి మూసుకుపోయింది. ఏటా పోటీలు పెట్టే పరిషత్తు ఒక రాత్రిలో మొదటి ప్రదర్శనను స్థానిక కాలేజీకి వదిలేస్తే చాలు. పోటీ వద్దు, మార్కులు వద్దు. అదే స్టేజీ, అవే మైకులు, అదే జనం. ఊరి సమాజంలోని దర్శకుడు డిసెంబరు నుంచి ఆదివారాలు వెళ్లి నేర్పితే శివరాత్రికి నాటిక సిద్ధమవుతుంది.

వాళ్లకు ఏ నాటిక ఇవ్వాలన్నప్పుడు ఇంకో చిక్కు బయటపడుతుంది. పోటీల్లో ఆడిన నాటికల్లో పుస్తకంగా వచ్చేవి కొన్నే. మిగతావి సమాజం దగ్గర డి.టి.పి. కాగితాలుగా ఉంటాయి. మార్జిన్లలో దర్శకుడి గుర్తులు, ఎక్కడ లైటు తగ్గాలో, ఎక్కడ ఎవరు కూర్చోవాలో, గుంటూరులో నవ్వు వచ్చి ఒంగోలులో రాని మాట ఏదో, అన్నీ పెన్సిలుతో రాసి ఉంటాయి. సమాజం మూతపడితే ఆ కాగితాలు ఇంటివాళ్ల అటకెక్కుతాయి. పోటీకి ప్రవేశపత్రంతో పాటు పరిషత్తుకు ఎలాగూ ఒక ప్రతి పంపాలి. ఆ ప్రతులను పారేయకుండా ఏటికేడు కట్టగట్టి, రచయిత అనుమతి తీసుకుని, ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వడానికి ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు. వచ్చే సీజనుకు ప్రవేశపత్రాలు అచ్చేసే పరిషత్తులు ఆ అనుమతి మాటను ఇప్పుడే అందులో ఒక వరసగా చేర్చవచ్చు.