బుల్లెట్ కక్కేది, ఆర్‌ఎక్స్ మింగేది

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో పాత బళ్లు చూసే ఏ షెడ్డులో గానీ ఇప్పటికీ పక్కపక్కన కనిపించే బళ్లు రెండు: కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350, యమహా ఆర్‌ఎక్స్ 100. 'ఆయిల్ సీల్ పోయింది' అన్న మాట రెండింటికీ ఒకేలా వాడేస్తారు. వైద్యమూ ఒకటే అనుకుంటారు: పాతది పీకు, కొత్తది కొట్టు. కానీ ఆ రెండు ఇంజన్లలో సీల్ చేసే పని వేరు, పోతే జరిగే నష్టం వేరు. బుల్లెట్‌లో సీల్‌ని అన్నిటికన్నా చివర అనుమానించాలి. ఆర్‌ఎక్స్‌లో అన్నిటికన్నా ముందు అనుమానించాలి.

బుల్లెట్ కారితే అందరికీ తెలుస్తుంది. నేల మీద మరక, బూటు మీద మరక. 1955లో మద్రాసులో తయారీ మొదలైన ఈ బండిలో ఇంజన్ వేరు, గేర్‌బాక్స్ వేరు. రెంటినీ కలిపే చైన్ ఎడమవైపు చైన్‌కేసులో, దాని సొంత ఆయిల్‌లో తిరుగుతుంది. మూతకి మధ్యలో ఒకే నట్టు. మరక కనబడగానే మెకానిక్ చెయ్యి ఆ నట్టు మీదికే పోతుంది. బిగిస్తాడు, కారుతుంది. రబ్బరు మారుస్తాడు, కారుతుంది. అంచు చుట్టూ సీలెంట్ పూస్తాడు, నాలుగు రోజులు ఆగి మళ్లీ కారుతుంది.

అసలు సంగతి లోపల ఉంది. పిస్టన్ దిగినప్పుడల్లా 346 సీసీల గాలి క్రాంక్‌కేసులోకి నెట్టుకొస్తుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ ఒక్కటే దారి. బ్రీదర్ గొట్టం చివర రబ్బరు వాల్వు గట్టిపడినా, గొట్టం మడతపడినా, లోపల మడ్డి పేరుకున్నా ఆ ఒత్తిడి ఇంకో సందు వెతుక్కుంటుంది. ఎడమవైపు క్రాంక్ సీల్ పెదవిని దాటించి ఇంజన్ ఆయిల్‌ని చైన్‌కేసులోకి తోస్తుంది. అక్కడ మట్టం పెరిగి మూత కింది నుంచి చుక్కలు పడతాయి. చుక్క పడిన చోటుకూ జబ్బు ఉన్న చోటుకూ మధ్య ఇంత దూరం ఉంది. ఒత్తిడి అలాగే ఉంటే కొత్త సీలూ ఎంతోకాలం ఆపలేదు.

ఇంకో కారణం ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు మరీ తక్కువ. బుల్లెట్ ఆయిల్ ట్యాంకు క్రాంక్‌కేసు పోతలోనే విడిగా ఒక అరగా ఉంటుంది. పంపు అరిగిపోతే, బండి వారాల తరబడి నిలబడ్డప్పుడు ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్ అడుగుకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి ఎటు వీలైతే అటు కొడుతుంది. కాబట్టి నిలబెట్టిన బండి కారిందంటే ముందు అడుగున డ్రెయిన్ బోల్టు తీసి ఎంత ఆయిల్ పడుతుందో చూడాలి. కప్పుకు కప్పు పడుతుంటే పని పంపుతోనే, సీల్‌తో కాదు.

ఇక 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100. దీని టూ స్ట్రోక్ ఇంజన్‌కి క్రాంక్‌కేసే ఊపిరితిత్తి. పిస్టన్ లేస్తే అక్కడ ఖాళీ ఏర్పడి రీడ్ వాల్వు గుండా పెట్రోలు, గాలి లోపలికి వస్తాయి; దిగితే ఆ మిశ్రమం నొక్కుకుని పైకి పోతుంది. క్రాంక్ రెండు కొసల్లోని సీళ్లు ఈ పీల్చడం, నొక్కడం రెంటినీ కాస్తున్నాయి. బుల్లెట్ సీల్ ఆయిల్‌కి కాపలా కాస్తే, ఆర్‌ఎక్స్ సీల్ గాలికి కాపలా కాస్తుంది. ఇంత తేడాని ఒకే పేరు కింద కప్పేయడమే మన షెడ్లలో జరుగుతున్న పెద్ద పొరపాటు.

కుడివైపు, క్లచ్ పక్క సీల్ పోతే ఇంజన్ గేర్ ఆయిల్‌ని లోపలికి లాక్కుని కాల్చేస్తుంది. నేల మీద ఒక్క చుక్క ఉండదు. ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గని తెల్లటి పొగ, దిగిపోతున్న గేర్ ఆయిల్ మట్టం, ఇవే ఆనవాళ్లు. పొగ చూసి టూటీ పంపుని తిట్టి, దాన్ని తీసేసి, పెట్రోల్లో ఆయిల్ కలుపుకుని తిరిగేవాళ్లు చాలామంది. గేర్ ఆయిల్ మట్టం చూస్తే తేలిపోయే విషయం అది.

ఎడమవైపు, మాగ్నెట్ వెనక సీల్ ఇంకా ప్రమాదం. అక్కడ ఆయిల్ లేదు, ఉన్నది బయటి గాలి. సీల్ పోతే ఆ గాలి దొంగతనంగా లోపలికి చేరి మిశ్రమాన్ని పలచన చేస్తుంది. ఐడ్లింగ్ ఒకచోట నిలవదు, యాక్సిలరేటర్ వదిలినా రేజ్ దిగదు, ప్లగ్ తెల్లబడుతుంది. కార్బురేటర్ విప్పుతారు, జెట్టు మారుస్తారు, ట్యూనింగ్‌తో సర్దుతారు. కొన్నాళ్లకి హైవే మీద పిస్టన్ పట్టేస్తుంది. చిన్న రబ్బరు రింగు దగ్గర ఆగాల్సిన ఖర్చు బోరు దాకా పోతుంది. మాగ్నెట్‌ని పుల్లర్‌తో తీసి చూస్తే వెనక నల్లటి జిడ్డు పట్టి ఉంటుంది. ఆ బండి బయటికి చూపించే సాక్ష్యం దాదాపు అదొక్కటే.

సీల్ వేసే చేతిపని మాత్రం రెండింటికీ ఉమ్మడిది. షాఫ్టు మీద గోరు పెట్టి లాగితే పాత సీల్ పెదవి తిరిగిన చోట గాడి తగులుతుంది. కొత్త సీల్ పెదవి అదే గాడిలో కూర్చుంటే మళ్లీ లీకే, కనుక చోటు ఉంటే వెంట్రుకవాసి ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి. ఆర్‌ఎక్స్ ఎడమ కొసన కీ తీసేసి, కీ గాడి మీద టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి, అప్పుడు సీల్ ఎక్కించాలి. లేకపోతే గాడి అంచు పెదవిని కోసేస్తుంది. సీల్ చుట్టుకొలతకి సరిపోయే సాకెట్ పెట్టి సమంగా తట్టాలి. స్క్రూడ్రైవర్‌తో ఓ పక్కే కొట్టి దించిన సీల్ వంకరగా కూర్చుంటుంది. దానికి ముందే క్రాంక్ కొసని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. బేరింగ్ ఆడుతుంటే ఎంత మంచి సీల్ వేసినా దండగ, ఇంజన్ దించాల్సిందే.

పాత స్టాకు 'ఒరిజినల్' సీళ్ల మీద ఉన్న మోజు నాకు బాధ కలిగిస్తుంది. రబ్బరు ప్యాకెట్లో ఉన్నా ముదురుతుంది. ముప్ఫై ఏళ్ల నాటి కంపెనీ సీల్‌కి రెట్టింపు ధర పెట్టడం కన్నా, నమ్మకమైన తయారీదారు నిరుడు చేసిన సీల్ వేయడం బండికి మేలు.

రెండు డిజైన్లలో దేనికి మార్కులు వేస్తావంటే, ఓర్పు విషయంలో బుల్లెట్‌కే వేస్తాను: ఆయిల్ మట్టం చూసుకుంటూ ఉంటే కారుతూనే ఏళ్లు నడుస్తుంది. కానీ ఆ ఓర్పే 'బుల్లెట్ అంటే కారాల్సిందే' అన్న మాటకి కారణమైంది. ఆ మాట నేనొప్పుకోను. బ్రీదర్ శుభ్రంగా, పంపు బిగువుగా ఉన్న పాత బుల్లెట్ కింద నేల పొడిగానే ఉంటుంది. ఆర్‌ఎక్స్‌కి అంత ఓర్పు లేదు. అయినా పాత ఆర్‌ఎక్స్ కొనబోయేవాళ్లు నేల మీద మరక ఉందా అని వంగి చూస్తారే తప్ప, మాగ్నెట్ తీయించి దాని వెనక చూడరు. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే, అడిగిన ధర మీద బోరు, క్రాంక్ పని ఖర్చు కూడా వేసుకుని బేరమాడాలి.