చీకటిని చెరపని దారి

రాత్రిపూట సైకిల్ దారికి దీపాలు పెట్టమంటే ఎవరైనా స్తంభాలు పాతి పైనుంచి వెలుగు కుమ్మరిస్తారు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవన్ పక్కనున్న న్యూనెన్‌లో మాత్రం వెలుగును నేలలోనే పాతారు. సుమారు 600 మీటర్ల దారి. కాంక్రీటులో వేల చిన్న రాళ్లు, వాటికి పగటి వెలుగును దాచుకునే పూత. పొద్దుగూకాక అవి ఆకుపచ్చగా, నీలంగా సుడులు తిరుగుతూ బయటపడతాయి. డాన్ రోజ్‌గార్డ అనే కళాకారుడి ఆలోచనకు హైమన్స్ అనే నిర్మాణ సంస్థ పనితనం తోడైంది. 2014 నవంబర్ 12న దారి తెరిచారు.

ఆ ఊళ్లోనే ఎందుకంటే, చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1883 డిసెంబర్ నుంచి 1885 నవంబర్ దాకా అక్కడ ఉన్నాడు. మగ్గాల ముందు కూర్చున్న నేతగాళ్లను, దీపం కింద బంగాళాదుంపలు తినే రైతు కుటుంబాన్ని, నీటి మరలను గీశాడు. అప్పటి రంగులన్నీ మట్టివే, మసివే. ఈ దారి సుడులకు మూలమైన ‘స్టారీ నైట్’ను, ఆ సుడులు తిరిగే ఆకాశంతో, గీసింది ఆ తర్వాత, 1889 జూన్‌లో, ఫ్రాన్స్ దక్షిణాన సెయింట్ రెమీలో. అంటే ఈ దారి ఆయన చివరి రోజుల ఆకాశాన్ని తొలి రోజుల మట్టి మీదికి దించింది. నాకు ఇందులో మొదట నచ్చింది ఇదే.

రెండోది, బొమ్మలోంచి ఏం తీసుకున్నారన్నది. ఊరు తీసుకోలేదు, సైప్రస్ చెట్టు తీసుకోలేదు, చంద్రవంక తీసుకోలేదు. కుంచె విసురు ఒక్కటే తీసుకున్నారు. ఆ బొమ్మలో ఆకాశం ఒకే పూత కాదు. విడివిడి గీతలు ఒకదాని వెనక ఒకటి నడిచి సుడి అవుతాయి. ఇక్కడ గీత బదులు రాయి. పైనుంచి తీసిన ఫోటోల్లో సుడులు గుండ్రంగా కనిపిస్తాయి కానీ, సైకిల్ మీదున్నవాడి కన్ను నేలకు సుమారు ఐదడుగుల పైన ఉంటుంది. దూరంలో రాళ్లన్నీ దగ్గరికి నొక్కుకుని ఒక వెలుగు పట్టీగా కనిపిస్తాయి. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ పట్టీ వంపులుగా విడిపోతుంది, వంపు రాళ్లుగా విడిపోతుంది, చక్రం దాటేటప్పటికి ఏ రాయికి ఆ రాయే. తొక్కేవాడి వేగమే బొమ్మను విప్పుతూ పోతుంది. గోడకు తగిలించిన బొమ్మకు ఈ వీలు లేదు.

బండ్ల వెనక అంటించే రేడియం స్టిక్కర్ హెడ్‌లైట్ పడితేనే మెరుస్తుంది. ఈ రాయి అలా కాదు, వెలుగును దాచుకుంటుంది. ఇలాంటి పదార్థాల్లో వెలుగు తగిలిన ఎలక్ట్రాన్లు పై స్థాయికి ఎగిరి, స్ఫటికంలోని లోపాల దగ్గర చిక్కుకుపోతాయి. గాలిలో ఉండే మామూలు వేడికే ఒక్కొక్కటి విడిపడి, కిందికి దిగుతూ కాంతిని వదులుతాయి. మొదట జోరుగా, ఆపైన నెమ్మదిగా. పాతకాలపు జింక్ సల్ఫైడ్ పూతలు త్వరగా ఆరిపోయేవి. 1990ల్లో జపాన్‌లో యూరోపియం, డిస్ప్రోషియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్ వచ్చాకే గంటల తరబడి నిలిచే వెలుగు చేతికందింది. మబ్బు రోజుల కోసం న్యూనెన్‌లో సౌర విద్యుత్తుతో వెలిగే ఎల్‌ఈడీలు కూడా తోడు పెట్టారు. దారి అన్నాక అదీ అవసరమే.

అసలు పనితనమంతా వెలుగును ఎంత తక్కువలో ఆపారన్న దాంట్లో ఉంది. దీనికి భిన్నంగా, అమెరికాలోని శాన్ ఆంటోనియోలో హైవే కింది దారులకు శిల్పి బిల్ ఫిట్జ్‌గిబన్స్ 2006లో రంగురంగుల ఎల్‌ఈడీలు అమర్చాడు. అక్కడ అది సరైన పని. వంతెన కింద నడిచేవాడికి ముందు భయం పోవాలి, పైగా వెలుగు పడి నిండడానికి కాంక్రీటు ఉంది. న్యూనెన్‌లో గోడా లేదు, కప్పూ లేదు, పైన ఆకాశం. దారిని ఇంకాస్త వెలిగిస్తే చుక్కలు పోతాయి.

రంగు ఎంపిక కూడా చూడండి. మసక చీకట్లో మన కంట్లో పనిచేసేవి రాడ్ కణాలు. నీలానికీ ఆకుపచ్చకీ నడుమ, 500 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతి వాటికి బాగా ఆనుతుంది. ఎరుపు దాదాపు ఆనదు. చూపు నట్టనడుమ ఆ కణాలే ఉండవు. అందుకే మసక రాయిని సూటిగా చూస్తే పాలిపోతుంది, పక్కకు చూస్తే తేరుకుంటుంది. సైకిల్ తొక్కేవాడు ఎలాగూ ముందుకే చూస్తాడు కాబట్టి, దగ్గరి రాళ్లు చూపు అంచున పడి ఇంకాస్త వెలుగుతాయి. ఇంత తక్కువ వెలుగుతో ఇంత దారి చూపడం మామూలు నేర్పు కాదు.

ఐండ్‌హోవన్ చుట్టుపక్కల చిప్ యంత్రాల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడున్నవాళ్లు ఎండ బాగా కాసిన రోజు చూసుకుని వెళ్లాలి. పొద్దుపోయేదాకా ఆగితే జోరు తగ్గిపోతుంది, చీకటి పడగానే చేరుకోవాలి. జూన్‌లో అయితే రాత్రి పది దాటితే గాని చీకటి పడదు, సెప్టెంబర్ మేలు. ఫోన్ జేబులో పెట్టి కంటికి ఓ ఇరవై నిమిషాలు చీకటి అలవాటు కానివ్వండి. ఫోటోల్లో కనిపించేంత ధగధగలు ఉండవు, అవి కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచి తీసినవి.