మొనాస్ చుట్టూ ప్రదక్షిణ: జకార్తా జాతీయ స్మారకంలోని శిల్పచరిత్ర

జకార్తా నగర మధ్యభాగంలోని మెర్దెకా మైదానంలో 132 మీటర్ల ఎత్తున నిలిచిన స్తంభాన్ని ఇండోనేషియా ప్రజలు ‘మొనాస్’ అని పిలుస్తారు. జాతీయ స్మారకం అనే అర్థమిచ్చే రెండు మాటల తొలి అక్షరాల కూర్పు అది. సందర్శకులలో అధికభాగం స్తంభం పైకి వెళ్లే లిఫ్టు దగ్గర బారులు తీరి, పైనుంచి నగరాన్ని చూసి, దిగి వెళ్లిపోతారు. స్తంభం చుట్టూ ఉన్న బయటి ప్రాంగణపు నాలుగు మూలలలో ఒక దేశపు చరిత్ర ఉబ్బెత్తు శిల్పాలుగా పరచుకొని ఉన్నది. వాటి ముందు ఆగేవారు తక్కువ. బౌద్ధశిల్పంలో కథనరీతిని అధ్యయనం చేసేవారికి మాత్రం స్తంభాగ్రాన ఉన్న బంగారుపూత జ్వాల కంటె ఈ సిమెంటు శిల్పాలే ఎక్కువ ఆలోచనను కలిగిస్తాయి. బోరోబుదూర్‌ను కట్టిన భూమిలో, ఆ కట్టడం తరువాత దాదాపు పన్నెండు వందల ఏండ్లకు, శిల్పం ద్వారా సుదీర్ఘ గతాన్ని చెప్పడానికి జరిగిన అతిపెద్ద ప్రయత్నాలలో ఇది ఒకటి.

నిర్మాణచరిత్ర సులభంగా సాగినది కాదు. 1955లో జరిపిన పోటీలో ఏ నమూనాకూ ప్రథమస్థానం దక్కలేదు. ఫ్రెడరిక్ సిలబాన్ నమూనా రెండవ స్థానంలో నిలిచింది. 1960లో మరల పోటీ పెట్టినా ఫలితం లేకపోయింది. అధ్యక్షుడు సుకర్ణో మనసులో ఒక రూపం ముందే ఉన్నది. అది లింగయోని రూపం. ఊర్ధ్వముఖమైన స్తంభం లింగం, దాని అడుగున విశాలమైన పాత్రవంటి వేదిక యోని. ఇదే రూపాన్ని రోకలి, రోలు అని కూడ వివరించారు. అత్యధిక సంఖ్యాకులు ముస్లింలైన దేశంలో ప్రాచీన జావా సంకేతానికి ఇంటింటి వంటపనిముట్ల పేరు తోడుచేయడం నేర్పుతో కూడిన పని. సిలబాన్ తరువాత బాధ్యత చేపట్టిన వాస్తుశిల్పి సుదర్సోనో స్వాతంత్ర్య ప్రకటన తేదీ అయిన 1945 ఆగస్టు 17ను కొలతలలోకి దింపాడు. 17 మీటర్లు, 8 మీటర్లు, 45 మీటర్లు అన్నవి వేదిక కొలతలుగా కుదిరాయి. స్తూపనిర్మాణంలోనూ సంఖ్యలకు అర్థం ఉంటుంది గనుక బౌద్ధ పాఠకుడికి ఇందులో వింత తోచదు. అక్కడి సంఖ్యలు ధర్మాంగాలను సూచిస్తాయి, ఇక్కడివి పంచాంగంలోని ఒక్క రోజును సూచిస్తాయి. 1961 ఆగస్టు 17న మొదలైన పని 1965 నాటి రాజకీయ సంక్షోభంతో మందగించి, సుకర్ణో మరణించిన ఐదేండ్లకు, 1975 జూలై 12న స్మారకం తెరుచుకోవడంతో ముగిసింది. అప్పటికి అధికారంలో ఉన్నవాడు సుహార్తో. ఒకరి ఊహ, మరొకరి ముగింపు అన్న ఈ సంగతిని స్మారకం లోపలి భాగాన్ని చదివేటప్పుడు మరువరాదు.

శిల్పాల వరుస ఈశాన్యమూలలో సింఘసారి, మజపహిత్ రాజ్యాలతో ఆరంభమవుతుంది. అక్కడినుంచి ఆగ్నేయానికి, నైరుతికి, వాయవ్యానికి సాగుతుంది. ఐరోపావారి రాక, వలసపాలన, తిరుగుబాట్లు, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంఘాలు, యువజన ప్రతిజ్ఞ, జపాను ఆక్రమణ, స్వాతంత్ర్య ప్రకటన, ఆపై దేశాభివృద్ధి క్రమంగా వస్తాయి. ఈ వరుసను అనుసరించేవాడు స్మారకాన్ని కుడివైపున ఉంచుకొని తిరుగుతాడు. అనగా ప్రదక్షిణ చేస్తాడు. నిర్మాతల ఉద్దేశం ఏదైనా, నడిచే పాదాలకు అనుభవమయ్యేది ఇదే. అమరావతి మహాచైత్యం చుట్టూ, నాగార్జునకొండ స్తూపాల చుట్టూ, బోరోబుదూర్ గోడల వెంట నడిచిన భక్తుడి నడక ఈ లౌకిక స్మారకంలోనూ నిలిచి ఉన్నది. స్మారకంలోని అత్యుత్తమ గుణం ఇదే అనవచ్చు. చరిత్రను కూర్చొని చదవనీయదు, నడిపిస్తుంది.

పోలిక అక్కడితో ఆగుతుంది. బోరోబుదూర్‌లోని కథాఫలకాలను వరుస తప్పకుండా చూడదలచినవాడు నాలుగు ఆవరణలలో మొత్తం పది చుట్లు తిరగవలసి ఉంటుంది. ప్రతి ఆవరణలో కొంత పైకి ఎక్కుతాడు. జాతకాలు, అవదానాలు, లలితవిస్తరంలోని బుద్ధచరితం, గండవ్యూహంలో సుధనుడి యాత్ర గడచిన తరువాత గోడలు తొలగిపోతాయి. 72 జాలీస్తూపాల వృత్తాకార వేదికల మీద చెప్పవలసిన కథ ఏదీ ఉండదు. కథ తనను తాను విడిచిపెట్టే చోటికి చూపరిని చేర్చడం ఆ కట్టడపు ప్రణాళిక. మొనాస్ శిల్పాలు ఒకే మట్టంలో ఒకే చుట్టు తిప్పి, ప్రభుత్వం తన పనులను చూపుకొనే ఫలకాల దగ్గర నిలిపివేస్తాయి. నడక ప్రదక్షిణదే. కథ మాత్రం ఒక గమ్యానికి పరుగెత్తే సరళరేఖ. నాలుగవ మూల శిల్పపరంగా కూడ పేలవమైనది. తొలి మూలలో ప్రాచీన వేషభాషలు, ఆయుధాలు, జనసమూహాలు శిల్పికి అవకాశమిచ్చాయి. చివరి మూలకు వచ్చేసరికి ప్రచారచిత్రాల వాసన వస్తుంది.

ఆరంభస్థానం గురించి మరికొంత ఆలోచించాలి. బయటి శిల్పాల చరిత్ర పదమూడవ శతాబ్దిలో మొదలవుతుంది. సింఘసారికి ముందు ఇండోనేషియా ద్వీపాలలో కనీసం ఆరు శతాబ్దాల బౌద్ధచరిత్ర నడిచింది. క్రీ.శ. 671లో చైనా నుంచి ఓడ ఎక్కిన ఇత్సింగ్ నాలందకు వెళ్లే ముందు శ్రీవిజయలో ఆగి సంస్కృత వ్యాకరణం అభ్యసించాడు. భారతదేశానికి వచ్చే భిక్షువులు మొదట అక్కడ ఉండి నేర్చుకొని రావడం మేలని రాశాడు. తొమ్మిదవ శతాబ్దిలో సువర్ణద్వీప ప్రభువు బాలపుత్రదేవుడు నాలందలో విహారం కట్టించగా, పాలరాజు దేవపాలుడు దాని పోషణకు గ్రామాలను దానమిచ్చిన తామ్రశాసనం నాలంద తవ్వకాలలోనే బయటపడింది. పదకొండవ శతాబ్దిలో అతీశుడు సువర్ణద్వీపానికి వెళ్లి ధర్మకీర్తి అనే ఆచార్యుని వద్ద చదివాడు. శైలేంద్రుల కాలపు బోరోబుదూర్ సంగతి చెప్పనక్కరలేదు.

ఇవన్నీ స్మారకంలో లేవని కాదు. వేదిక అడుగున, నేలమట్టానికి మూడు మీటర్ల దిగువన, ఒక్కొక్క పక్క 80 మీటర్లున్న జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో 51 డయోరమాలు ఉన్నాయి. అద్దాల వెనుక చిన్న చిన్న బొమ్మలతో కూర్చిన దృశ్యాలు అవి. ఆదిమానవ సమాజం, శ్రీవిజయ రేవు, బోరోబుదూర్ నిర్మాణం అక్కడ చోటు చేసుకొన్నాయి. ఆకాశం కింద, ఎవరైనా చూడగలిగిన చోట సామ్రాజ్యం ఉన్నది. నేల కింద, అద్దం వెనుక ధర్మం ఉన్నది. ఈ విభజన యాదృచ్ఛికమైనదని తోచదు. ద్వీపాలన్నిటిని ఏకం చేస్తానని శపథం పట్టిన మజపహిత్ మంత్రి గజమదుడు కొత్త గణతంత్రానికి కావలసిన పూర్వజుడు. ఆయనను ఐక్యతావీరుడిగా నిలబెట్టినవాడు రచయిత, రాజకీయ నాయకుడు ముహమ్మద్ యామిన్. నేడు దేశమంతటా గజమదుడిదిగా చలామణి అవుతున్న గుండ్రని ముఖం కూడ యామిన్ గుర్తింపే. ట్రొవులాన్‌లో దొరికిన మట్టిబొమ్మ ముఖం అది. ఒక పాత మట్టిబొమ్మ ఇంతటి ప్రఖ్యాతికి ఎక్కిన ఉదాహరణలు ఆసియాలో మరెన్ని ఉంటాయో!

డయోరమాలలో బౌద్ధ పాఠకుడు తప్పక ఆగి చూడవలసినది చండీ జావి దృశ్యం. సింఘసారి చివరి రాజు కృతనగరుడు 1292లో శత్రువుల చేతిలో మరణించాడు. ఆయన శివబుద్ధ ఉపాసకుడు. తూర్పు జావాలోని జావి ఆలయం ఆయనకు సంబంధించినదని నాగరకృతాగమం చెబుతుంది. ఆ ఆలయపు దేహం శైవం, శిఖరం స్తూపాకారం. 1289 నాటి శాసనమున్న అక్షోభ్యమూర్తి నేటికీ సురబయ నగరంలో ‘జొకో దొలోగ్’ పేరుతో పూలు, ధూపం అందుకొంటున్నది. డయోరమాను కూర్చినవారు యుద్ధానికో పట్టాభిషేకానికో కాక, రెండు మతాల కలయికకు ఒక దృశ్యాన్ని కేటాయించారు. 51లో ఇటువంటివి కొద్ది. కొద్దివైనా, వాటివల్లనే ఈ ప్రదర్శనశాలకు గౌరవం దక్కుతున్నది.

స్మారకంలో బౌద్ధవాఙ్మయానికి నేరుగా చెందినది మరొకటి ఉన్నది. అది శిల్పఫలకం కాదు. వేదిక లోపలి స్వాతంత్ర్యమందిరంలో బంగారు వన్నె గరుడ చిహ్నం కనిపిస్తుంది. గరుడుని కాళ్లు పట్టుకొన్న పట్టీ మీద రాసి ఉన్న జాతీయ సూక్తి పద్నాలుగవ శతాబ్దిలో ఎంపు తంతులర్ రచించిన సుతసోమ కావ్యం నుంచి వచ్చింది. సుతసోముడు బోధిసత్త్వుడు, పాళి జాతకాలలోని మహాసుతసోముడే జావాకు చేరి కావ్యనాయకుడయ్యాడు. నరభక్షకుడైన రాజు నూరుగురు రాజులను బలి ఇవ్వబోగా, వారికి బదులు తనను తీసుకొమ్మని సుతసోముడు ముందుకు వస్తాడు. శివుడు, బుద్ధుడు వేరుగా కనిపించినా సత్యం ఒక్కటే అన్న మాట ఆ కావ్యసందర్భంలోనిది. దేశాలను జయించేవరకు సుఖం ముట్టనన్న మంత్రి, పరుల ప్రాణాలకు తన ప్రాణం ఒడ్డిన రాజకుమారుడు, ఇద్దరూ మజపహిత్ కాలమే ఇచ్చిన మూర్తులు. జాతి తన సూక్తిని రెండవవాని కథనుంచి తీసుకొని, తన వీరగాథను మొదటివానితో చెప్పుకొన్నది. ఈ వైరుధ్యాన్ని స్మారకం ఎక్కడా ఎత్తిచూపదు. సూక్తి వెనుక ఉన్న జాతకాన్ని శిల్పంగా మలచి ఉంటే ఈ ప్రదక్షిణకు మరొక అర్థం కలిగి ఉండేది.

ప్రదర్శనశాల తుదిరూపంలో సుహార్తో కాలపు ముద్ర స్పష్టం. సుకర్ణో కాలంలో వేసిన ప్రణాళికను సైన్యానికి సన్నిహితుడైన చరిత్రకారుడు నుగ్రొహొ నోతొసుసాంతో ఆధ్వర్యంలో సవరించారు. సుహార్తో అధికారానికి మూలమైన 1966 మార్చి 11 నాటి ఆదేశపత్రం ఒక డయోరమాగా నిలిచింది. తూర్పు తిమోర్ విలీనం మరొకటి. ఆ భూభాగం 1999లో ఓటువేసి విడిపోయి 2002లో స్వతంత్ర దేశమయింది. శాశ్వతంగా ఉండాలని కూర్చిన దృశ్యం పాతికేండ్లకే చరిత్రకు ఎదురు నిలిచింది. బోరోబుదూర్ కప్పబడిన పాదభాగంలోని 160 కర్మవిభంగ ఫలకాలు ఇక్కడ గుర్తుకు వస్తాయి. 1885లో బయటపడి, 1890-91లో కస్సియన్ సెఫాస్ ఛాయాచిత్రాలు తీసిన తరువాత మరల కప్పివేయబడిన ఆ ఫలకాలలో రాజవంశాల పేర్లు లేవు, విజయాల తేదీలు లేవు. చేపలు పట్టేవారు, కొట్లాడుకొనేవారు, దానమిచ్చేవారు, తాము చేసినదాని ఫలం అనుభవించేవారు ఉన్నారు. కొన్నిటిపై శిల్పులకు సూచనగా రాసిన ‘విరూప’ వంటి సంస్కృత పదాలు నేటికీ చదవవచ్చు. ఆ ఫలకాలకు ఏ ప్రభుత్వమూ సవరణ చేయవలసిన అవసరం రాదు.

పరిరక్షణ విషయం వారసత్వ పరిశోధకులకు ముఖ్యమైనది. మొనాస్ బయటి శిల్పాలు లోహపు చట్రం మీద సిమెంటుతో చేసినవి. ఉష్ణమండలపు వానకు, తేమకు వాటిలో కొన్ని దెబ్బతిన్నాయి, కొన్ని పాడైపోయాయి. లోపలి లోహం తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటు బీటలు వారుతుంది. పైపూతలతో ఆ జబ్బు నయం కాదు. అగ్నిశిలతో కట్టిన బోరోబుదూర్‌కు కూడ నీరే శత్రువు. స్మారకం తెరుచుకొన్న 1975లోనే యునెస్కో సహాయంతో అక్కడ రాళ్లు విప్పి, లోపల నీరుపోయే మార్గాలు ఏర్పరచి, తిరిగి పేర్చే పని ఊపందుకొని 1982 వరకు నడిచింది. ఒక్కొక్క రాయికి సంఖ్య వేసి చేసిన ఆ శ్రద్ధ సిమెంటు శిల్పాలకు ఎవరూ చూపరు, కళగా వాటి స్థాయి తక్కువ గనుక. కళగా తక్కువైనా పత్రంగా అవి విలువైనవి. ఒక కొత్త దేశం 1960లలో తన గతాన్ని ఎలా ఊహించుకొన్నదో చెప్పే ప్రథమసాక్ష్యం అవే. విరిగిన చేతిని అతికేటప్పుడు నేటి అభిరుచికి తగిన చేతిని అతికితే ఆ సాక్ష్యం చెడుతుంది. లోపలి డయోరమాలకూ ఇదే వర్తిస్తుంది. ఇబ్బందికరమైన దృశ్యాన్ని తొలగించడం కంటె, పక్కన తేదీతో కూడిన వివరణ నిలపడం మేలు.

మైదానానికి పడమటి అంచున, రోడ్డు దాటితే, జాతీయ మ్యూజియం ఉన్నది. 1921లో సులవెసి ద్వీపంలోని సికెందెంగ్ వద్ద దొరికిన కంచు బుద్ధుడు అక్కడివాడు. ఆయన చీవరపు మడతలలో పలువురు పండితులు కృష్ణాతీరపు అమరావతి శైలిని చూశారు, సింహళ సంబంధాన్ని ఎత్తిచూపినవారూ ఉన్నారు. సింఘసారి నుంచి హాలండుకు తరలిపోయి 1978లో తిరిగివచ్చిన ప్రజ్ఞాపారమిత కూడ ఆ మ్యూజియంలోనే ధర్మచక్రముద్రతో కూర్చొని ఉన్నది. 2023లో లైడెన్ నగరం నుంచి సింఘసారి ఆలయపు దుర్గ, మహాకాల, నందీశ్వర, గణేశ మూర్తులు దాదాపు రెండు వందల ఏండ్ల తరువాత స్వదేశానికి చేరాయి. వాటిని చూచి బయటికి వచ్చి మైదానం దాటి ఈశాన్యమూలకు నడిస్తే, అదే రాజ్యపు కథ సిమెంటులో అక్కడ మొదలవుతుంది.